రాత్రి రెండింటికి ఎవరు తిప్పారు? ఒక కేర్ హోమ్ పరిశీలన – కేస్ స్టడీ

నర్సుగా 22 ఏళ్లు ఆసుపత్రి వార్డుల్లో పనిచేశాను. ఆరేళ్లుగా హైదరాబాద్‌లో మంచాన పడ్డ పెద్దవాళ్ల సంరక్షణే నా పని. ఇళ్లకు వెళ్లి చూస్తాను, ఇంట్లోవాళ్లకు నేర్పిస్తాను. ఈమధ్య ఇంకో రకం పిలుపులు ఎక్కువయ్యాయి. "మా అమ్మ ఉన్న హోమ్‌లో సరిగ్గా చూస్తున్నారో లేదో మీరొకసారి వెళ్లి చూడండి సిస్టర్" అని పిల్లలు ఫోన్ చేస్తారు. వాళ్లు డాలస్‌లోనో, మెల్‌బోర్న్‌లోనో, బెంగళూరులోనో ఉంటారు. నెలనెలా డబ్బు పంపిస్తారు, వాట్సాప్‌లో ఫొటోలు వస్తాయి, అయినా మనసులో ఏదో అనుమానం ఉంటుంది.

అలా వచ్చిన కేసుల్లో ఒకటి ఇది. కుటుంబం అనుమతితో రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలు మార్చాను, హోమ్ పేరు చెప్పను. దాన్ని తప్పుపట్టడానికి రాయడం లేదు. ఇలాంటి చోట్ల సంరక్షణ ఎక్కడ జారిపోతుందో, దాన్ని ఎలా పట్టుకోవాలో ఈ కేసులో నాకు స్పష్టంగా కనిపించింది. అది నలుగురికీ తెలియాలని రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. ఈ కేసులో నన్ను పిలిచింది అమెరికాలో ఉన్న కొడుకు. ఆ అబ్బాయి ఫోన్లో "నర్సింగ్ హోమ్" అన్నాడు. మన దగ్గర నర్సింగ్ హోమ్ అంటే కాన్పులు, ఆపరేషన్లు చేసే చిన్న ప్రైవేటు ఆసుపత్రి. అతను చెప్పేది, నడవలేని పెద్దవాళ్లను పగలూ రాత్రీ ఉంచుకుని చూసే చోటు గురించి. మనవాళ్లు వృద్ధాశ్రమం అనో, కేర్ హోమ్ అనో అంటారు. అమెరికాలో వీటికి 1987లో చేసిన కేంద్ర చట్టం ఉంది. చెప్పాపెట్టకుండా తనిఖీలకు వస్తారు, ఒక తనిఖీకీ ఇంకోదానికీ మధ్య 15 నెలలు దాటకూడదు. 2008 నుంచి ప్రతి హోమ్‌కీ ఒకటి నుంచి ఐదు వరకు నక్షత్రాలిచ్చి అందరికీ కనిపించేలా పెడుతున్నారు. మనకు 2007లో తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం వచ్చింది. పెద్దవాళ్ల సహాయానికి 14567 ఎల్డర్‌లైన్ నంబరు ఉంది. కానీ ఈ హోమ్‌లో పడక పుళ్లు ఎంతమందికి ఉన్నాయి, రాత్రి ఎంతమంది పనివాళ్లుంటారు అని చూసి చెప్పే నక్షత్రాల పద్ధతి లేదు. అందుకే ఆ అబ్బాయి నాకు ఫోన్ చేశాడు.

అమ్మగారికి 78 ఏళ్లు. రెండేళ్ల క్రితం పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, మాట పోయింది. మనం చెప్పేది చాలావరకు అర్థమవుతుంది, చెప్పాలనుకున్నది నోటికి రాదు. షుగర్, బీపీ ఉన్నాయి. మింగడం కొంచెం కష్టం. కూతురు బెంగళూరులో ఉద్యోగం చేస్తూ ఏడాదిపాటు ఇంట్లో పెట్టుకుని చూసింది. ఆయమ్మలు ఒకరి తర్వాత ఒకరు మానేశారు. చివరికి బంధువులకు దగ్గరగా ఉంటుందని హైదరాబాద్ శివార్లలో ఉన్న ఈ హోమ్‌లో చేర్చారు. నేను వెళ్లేటప్పటికి 11 నెలలైంది.

అబ్బాయి చెప్పిన ఫిర్యాదు ఒక్కటే. "వీడియో కాల్ చేస్తే అమ్మ కళ్లు తెరవడం లేదు. ఇదివరకు నన్ను చూసి ఏడ్చేది. ఇప్పుడు ఏడవడం కూడా లేదు."

మొదటిసారి నవంబరులో, ముందే చెప్పి, ఉదయం 11 గంటలకు వెళ్లాను. గేటు దగ్గర బంతిపూల మొక్కలు, తడిగుడ్డ పెట్టిన నేల. ఎక్కడా మూత్రం వాసన లేదు. హోమ్‌లో అడుగుపెట్టగానే నేను మొదట చూసేది ముక్కుతోనే. మందులు పేర్లవారీగా డబ్బాల్లో ఉన్నాయి, గడువు దాటినవి లేవు. పగటి హెడ్ నర్స్ జీఎన్‌ఎం, అంటే నర్సింగ్ డిప్లొమా, చదివిన అమ్మాయి. ఎవరి బీపీ ఎంతో కాగితం చూడకుండా చెప్పింది. ఫిజియో వారానికి మూడుసార్లు వస్తాడు. అమ్మగారికి తల దువ్వి, బొట్టు పెట్టి, ఉతికిన నైటీ వేసి కుర్చీలో కూర్చోబెట్టారు. నా పట్టికలో 60 అంశాలున్నాయి. ఆ పూట 51 సరిగ్గా ఉన్నట్టు టిక్కు పడింది.

అక్కడితో రిపోర్టు రాసి పంపితే, మంచి హోమ్ అని రాసి ఉండేదాన్ని.

కానీ మూడు విషయాలు కుదురుగా అనిపించలేదు. ఒకటి, అమ్మగారు పగలు 11 గంటలకు కూర్చున్న చోటే తల వాల్చి నిద్రపోతున్నారు. భుజం తట్టి పిలిస్తే కళ్లు తెరుస్తారు, మళ్లీ మూస్తారు. రెండు, మంచినీళ్ల గ్లాసు. అది నిండుగా, మూత పెట్టి, శుభ్రంగా ఉంది. కుడివైపు టేబుల్ మీద ఉంది. ఆవిడకు పడిపోయింది కుడి చెయ్యే. ఆ గ్లాసును ఆవిడ ఎప్పటికీ అందుకోలేరు. మూడు, బరువు. ఫైల్లో చివరిసారి రాసింది జులైలో, 52 కిలోలు. తర్వాత ఏమీ లేదు. నిలబడలేని మనిషిని తూచే కుర్చీ కాటా అక్కడ లేదు. నేను బాత్రూమ్ కాటా ఒకటి తెప్పించాను. ఆవిడను ఎత్తగలిగే అటెండర్‌ను ముందు విడిగా తూచి, తర్వాత ఆవిడను ఎత్తుకుని నిలబడమన్నాను. తేడా 46.5. నాలుగు నెలల్లో ఐదున్నర కిలోలు, అంటే పదోవంతు కంటే ఎక్కువ పోయింది. ఆరు నెలల్లో పది శాతం తగ్గితేనే మేం ప్రమాదమంటాం.

ఆవిడను మంచం మీదికి మార్చినప్పుడు పక్కకి తిప్పి చూశాను. నడుము కింద, వెన్నెముక చివర ఎముక మీద పైచర్మం లేచిపోయి, ఎర్రగా, తడిగా మూడు సెంటీమీటర్ల పొడవు పుండు. పడక పుళ్లలో రెండో దశ. రెండు మడమలూ ఎర్రగా ఉన్నాయి, వేలితో నొక్కి వదిలితే తెల్లబడటం లేదు. అంటే లోపల రక్తం ఆడటం లేదు, తర్వాత లేచే పుండ్లు అవే. హెడ్ నర్స్ ముఖం పాలిపోయింది. "నిన్న లేదు మేడం" అంది. ఆ అమ్మాయి అబద్ధం చెప్పిందని నేననుకోను. నిన్న ఎవరూ చూడలేదు, అంతే.

బ్రేడెన్ స్కేలు వేశాను. 1987లో ఇద్దరు అమెరికన్ నర్సులు ప్రచురించిన కొలత ఇది. స్పర్శ, తడి, నడక, కదలిక, తిండి, ఒరిపిడి అని ఆరు అంశాలు. మొత్తం 6 నుంచి 23 వరకు ఉంటుంది, 18 గానీ అంతకంటే తక్కువ గానీ వస్తే పుండు పడే అవకాశం ఉన్నట్టు. అమ్మగారికి 12 వచ్చింది. చేరినరోజే ఎవరైనా ఈ లెక్క వేసి ఉంటే, ఈవిడ ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాల్సిన మనిషని తెలిసేది. ఫైల్లో ఆ కాగితం లేదు. కానీ పుండు పడకుండా మనిషిని ఒక పక్క నుంచి ఇంకో పక్కకి ఎప్పుడెప్పుడు తిప్పారో రాసే చార్టు మాత్రం ఉంది. రెండు గంటలకోసారి, రాత్రింబగళ్లు, ఒక్క గడి కూడా ఖాళీ లేకుండా టిక్కులు.

సంరక్షణ నాణ్యతను ఎలా కొలవాలన్న దానిపై 1966లో ఎవెడిస్ డోనబీడియన్ అనే వైద్యుడు రాసిన పద్ధతినే ఇప్పటికీ అందరం వాడుతున్నాం. మూడు చూడాలంటాడు. ఉన్న ఏర్పాట్లు ఏమిటి, నిజంగా చేస్తున్న పని ఏమిటి, ఆ మనిషికి చివరికి ఏమైంది. పిల్లలు హోమ్ చూడటానికి వెళ్లినప్పుడు మొదటిది చూసి వచ్చేస్తారు: గదులు, ఏసీ, తోట, మెనూ. మూడోది ఒంటి మీద కనిపిస్తుంది. మధ్యలోది, అంటే చేసే పని, పగలు 11 గంటలకు కనిపించదు. దాన్ని చూడాలంటే అది జరగాల్సిన వేళకే వెళ్లాలి.

రెండోసారి చెప్పకుండా సాయంత్రం ఆరున్నరకు వెళ్లాను. "విజిటింగ్ అవర్స్ పదింటి నుంచి పన్నెండింటి దాకా మేడం" అని గేటు దగ్గర ఆపారు. కూతురు రాసిచ్చిన ఉత్తరం చూపించాను. హోమ్‌లో చేర్చేటప్పుడే ఏ వేళకైనా కుటుంబం గానీ, వాళ్లు పంపిన మనిషి గానీ రావచ్చని కాగితం మీద రాయించుకోండి. రాయడానికి ఒప్పుకోకపోతే అక్కడే ఆగండి.

లోపల భోజనాల వేళ. కింది అంతస్తులో ఒక అటెండర్, తినిపించాల్సిన వాళ్లు తొమ్మిది మంది. అమ్మగారి వంతు ఆరు యాభైకి వచ్చింది. మెత్తగా కలిపిన పెరుగన్నం. మంచం తల ఎత్తారు గానీ నడుము జారిపోయి ఉంది, గడ్డం పైకి లేచి ఉంది. అలా ఉంటే ఎవరికైనా పొలమారుతుంది. నాలుగో చెంచాకి పొలమారింది. ఆ అమ్మాయి వీపు నిమిరింది, నీళ్లు తాగించబోయింది, దగ్గు ఆగలేదు. ఇంకో మూడు చెంచాలు పెట్టి, "తినట్లేదక్కా" అని కంచం తీసేసింది. నా గడియారంలో ఏడు నిమిషాలు. మింగడం కష్టమైన మనిషికి ముప్పావుగంట కాకపోయినా అరగంటైనా కావాలి. ముద్ద దిగిందో లేదో గొంతు చూసి, అప్పుడు ఇంకో చెంచా పెట్టాలి. తర్వాత ఫైలు తీసి చూశాను. ఆ పూట గడిలో "డిన్నర్ – ఫుల్" అని ఉంది.

ఆ అమ్మాయిని పక్కకి పిలిచి అడిగాను. నెమ్మదిగానే అడిగాను. ఒడిశా సరిహద్దు ఊరు, 20 ఏళ్లు ఉంటాయేమో. "తొమ్మిది మందికీ ఒక్కదాన్నే పెట్టాలక్కా. ఎనిమిదింటికి మందులియ్యాలి. ఈవిడ దగ్గరే కూర్చుంటే మిగతావాళ్లు ఆకలితో అరుస్తారు. ఈవిడ అరవదు కదా."

ఆ చివరి మాట నేను డైరీలో రాసుకున్నాను.

ఆ సాయంత్రమే ఇంకొకటి చూశాను. అమ్మగారి మంచం మీద ఎయిర్ బెడ్, అంటే ఒత్తిడి తగ్గించడానికి మోటారుతో గాలి నింపే పరుపు, ఉంది. కుటుంబమే కొనిచ్చింది. దాని మోటారు ప్లగ్గు సాకెట్ నుంచి ఊడి కింద వేలాడుతోంది. సాకెట్‌లో ఎవరిదో సెల్‌ఫోన్ చార్జరుంది. పరుపు కింద అరచెయ్యి పెట్టి చూస్తే నడుము ఎముక నా చేతికి తగిలింది. అంటే గాలి లేని ప్లాస్టిక్ షీటు మీద, చెమట పట్టే షీటు మీద, ఆవిడ పడుకుని ఉన్నారు. ఏ హోమ్‌కి వెళ్లినా ఎయిర్ బెడ్ కింద చెయ్యి పెట్టి చూడండి. మోటారు చప్పుడు వింటే చాలదు.

మూడోసారి ఆదివారం తెల్లవారుజామున వెళ్లాం. కూతురు రాత్రి బస్సులో బెంగళూరు నుంచి వచ్చింది. బస్సు దిగి సరాసరి ఇద్దరం ఆటోలో హోమ్‌కి వెళ్లేసరికి ఐదూ ఇరవై. వాచ్‌మన్ పాపం కాదనలేకపోయాడు. రాత్రి ఊరి నుంచి వచ్చిన కూతురు తల్లిని చూస్తానంటే ఎవరు ఆపుతారు?

మొదట చార్టు చూశాను. ఐదు గంటల గడిలో టిక్కు ఉంది. ఏడు గంటల గడిలో కూడా ఉంది. ఏడు కావడానికి ఇంకా గంటా నలభై నిమిషాలుంది. రాత్రి తొమ్మిది నుంచి ఉన్న టిక్కులన్నీ ఒకే పెన్ను, ఒకే వాలు, ఒకే ఒత్తిడి. ఎవరో ఒక్కసారి కూర్చుని వేసినవి.

అమ్మగారు వెల్లకిలా ఉన్నారు. డైపర్ బరువుగా, నడుము వెనక దాకా తడిసి ఉంది. కూతురు తనే మార్చింది, మాట్లాడకుండా మార్చింది. ఒళ్లు చల్లగా, నుదుటి మీద చెమట. పిలిస్తే పలకడం లేదు. నా సంచిలో గ్లూకోమీటర్ ఉంటుంది. షుగర్ 64 చూపించింది, బాగా తక్కువ.

తర్వాతి పావుగంట ఇప్పటికీ గుర్తుంది. మెలకువ లేని మనిషి నోట్లో ఏదీ పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నిటారుగా కూర్చోబెట్టి, ముఖం తుడిచి, పేరు పెట్టి పిలుస్తూ ఉన్నాం. కళ్లు తెరిచి, నాలుక కదిలిస్తున్నారని చూసుకున్నాక గ్లూకోజ్ పొడిని కొద్ది నీళ్లలో ముద్దలా కలిపి, చెంచా చివరతో ఎడమ బుగ్గలో పెట్టాను. మింగారు. ఇంకోసారి. పావుగంటకు 92 వచ్చింది. ఆవిడ కూతురిని చూశారు, ఎడమ చేత్తో ఆ అమ్మాయి మెడలో చున్నీ పట్టుకున్నారు.

ఇక్కడే కథంతా ఒక దారానికి వచ్చింది. కానీ ఆ దారం నాకు అందించింది నా పట్టిక కాదు, పక్క మంచం పెద్దావిడ.

ఆవిడ 81 ఏళ్ల రిటైర్డ్ టీచరు. మోకాళ్లు పనిచేయవు గానీ మాట, జ్ఞాపకం గట్టివి. మేం కంగారుపడుతున్నంతసేపూ మంచం మీద కూర్చుని చూశారు. కూతురు డాక్టరుకు ఫోన్ చేయడానికి బయటికి వెళ్లగానే నన్ను దగ్గరికి రమ్మని సైగ చేశారు. ఆవిడ తలవైపు గోడకి తిథులు, నక్షత్రాలు ఉండే పెద్ద తెలుగు క్యాలెండర్ ఉంది. అక్టోబరు పేజీ తిప్పి చూపించారు. తేదీల గడుల్లో, రాహుకాలం పక్కన, పెన్సిల్‌తో సన్నటి చుక్కలు. కొన్నింట్లో రెండు, ఎక్కువగా ఒకటి, కొన్ని ఖాళీ.

"నాకు రాత్రిళ్లు నిద్ర పట్టదమ్మా. ఆవిణ్ణి ఎవరైనా తిప్పితే మంచం కిర్రుమంటుంది. అప్పుడొక చుక్క పెడతాను. ఎన్నేళ్లు హాజరు వేశాను! ఆ అలవాటు పోదు." కాసేపాగి అన్నారు. "మొదట్లో రాత్రి బాగా అరిచేది. తడిసినా అరిచేది, నొప్పి పుట్టినా అరిచేది. నేను బెల్లు కొట్టేదాన్ని. తర్వాత ఏదో మాత్ర మొదలుపెట్టారు. ఇప్పుడు అరవదు." ఆ తర్వాత నా చెయ్యి పట్టుకుని, "నేను చెప్పానని అనకమ్మా. నేనిక్కడే ఉండాలి" అన్నారు.

మందుల కాగితం మళ్లీ తీశాను. ఆగస్టు చివర క్వెటియాపిన్ 25 మిల్లీగ్రాములు మొదలుపెట్టారు. మానసిక జబ్బులకు వాడే మందు అది, మత్తు తెస్తుంది. సెప్టెంబరులో 50 చేశారు. కారణం గడిలో "రాత్రి అరుస్తున్నారు" అని ఉంది. ఎందుకు అరుస్తున్నారో రాయలేదు. షుగర్‌కి గ్లిమిపిరైడ్, చేరినప్పుడు ఎంత డోసో ఇప్పుడూ అంతే. అప్పుడావిడ 52 కిలోలు, కడుపునిండా తినేవారు.

విడివిడిగా చూస్తే ఒక్కటీ పెద్ద తప్పులా కనిపించదు. కలిపి చూడండి. మాట రాని మనిషి తడిసినప్పుడు, నొప్పి పుట్టినప్పుడు అరుస్తారు. ఆవిడకు ఉన్న భాష అదొక్కటే. రాత్రి ఇద్దరే అటెండర్లు, రాలేకపోయారు. అరుపు ఆగడానికి మాత్ర వచ్చింది. మాత్రతో మత్తు పగలు కూడా ఉంది. మత్తులో తిండి తగ్గింది, తినిపించడానికి ఏడు నిమిషాలకు మించి తీరిక లేదు. బరువు పడిపోయింది. తిండి తగ్గినా షుగర్ మాత్ర అలాగే ఉండటంతో తెల్లవారుజామున షుగర్ పడిపోతోంది. చిక్కిన ఒంటిమీద ఎముక పైకి వచ్చింది, తిప్పేవాళ్లు లేరు, పుండు పడింది. వీడియో కాల్‌లో అమ్మ ఏడవడం లేదని అబ్బాయి అన్నాడే, ఆ ఒక్క వాక్యంలో ఇదంతా ఉంది.

క్వెటియాపిన్ లాంటి మందులను మతిమరుపు జబ్బున్న వృద్ధులకు వాడితే మరణాల ముప్పు పెరుగుతుందని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2005లోనే మందు కాగితం మీద నల్ల గడిలో హెచ్చరిక వేయించింది. ఈవిడకు మతిమరుపు జబ్బని ఎవరూ తేల్చలేదు కూడా. గ్లిమిపిరైడ్‌ను 2019లో వృద్ధుల వైద్యానికి సంబంధించిన అమెరికన్ జీరియాట్రిక్స్ సొసైటీ వృద్ధులకు వీలైనంతవరకు వద్దనే మందుల జాబితాలో చేర్చింది. మందు ఆపడం, మార్చడం నా పని కాదు. చూసింది చూసినట్టు డాక్టరుకు చెప్పడం నా పని. ఆవిడను మొదటినుంచీ చూస్తున్న ఫిజీషియన్‌కి ఆ ఉదయమే ఫోన్లో చెప్పాం. గ్లిమిపిరైడ్ అప్పుడే ఆపేశారు, షుగర్‌కి మెట్‌ఫార్మిన్ అనే మాత్ర ఒకటే ఉంచారు. క్వెటియాపిన్ రెండు వారాల్లో మెల్లగా తగ్గించి ఆపేశారు.

ఇక హోమ్‌తో మాట్లాడటం. చాలామంది కుటుంబాలు ఇక్కడే పాడుచేసుకుంటాయి. కోపంతో వెళ్లి కనిపించిన ఆయమ్మని తిడతారు. ఆ అమ్మాయి మర్నాడు మానేస్తుంది. ఇంకో కొత్త అమ్మాయి వస్తుంది, ఆమెకు మీ అమ్మ గురించి ఏమీ తెలియదు. నేను మీటింగ్ అడిగాను. యజమాని, మేనేజరు, హెడ్ నర్స్, కూతురు, వీడియోలో కొడుకు. క్యాలెండర్ సంగతి ఎత్తలేదు. ఎత్తే అవసరం రాలేదు, ఎందుకంటే చార్టులోనే సాక్ష్యం ఉంది.

ఒక తెల్ల కాగితం మీద లెక్క రాశాను. హోమ్‌లో మొత్తం 34 మంది. తమంతట తాము కదలలేనివాళ్లు 11 మంది. ఒకరిని సరిగ్గా తిప్పి, డైపర్ చూసి, దిండు సర్దాలంటే ఇద్దరు కలిసి పది నిమిషాలు. చార్టు ప్రకారం రాత్రి తొమ్మిది, పదకొండు, ఒకటి, మూడు, ఐదు, అంటే ఐదుసార్లు. 11 మంది, ఐదుసార్లు, పది నిమిషాలు: 550 నిమిషాలు. తొమ్మిది నుంచి ఆరు దాకా మొత్తం రాత్రికి ఉన్నవి 540. మిగతా 23 మందిలో ఒక్కరినైనా బాత్రూమ్‌కి తీసుకెళ్లకుండా, నీళ్లు తాగకుండా, ఒక్క నిమిషం కూర్చోకుండా పనిచేసినా ఆ చార్టులో రాసింది జరగదు. "ఈ చార్టు మీ పనివాళ్లు అబద్ధం రాసింది కాదు సార్. మీరు వాళ్లకి సాధ్యం కాని పని ఇచ్చి, చేసినట్టు రాయమన్నారు" అన్నాను.

యజమాని చాలాసేపు ఆ కాగితాన్నే చూశాడు. చెడ్డ మనిషి కాడు. తన తల్లి పోయాక ఈ హోమ్ పెట్టాడు. "రెండు గంటలకోసారి తిప్పాలని అందరూ అంటారు కదా మేడం, అందుకే చార్టు అలా వేయించాం" అన్నాడు. నిజమే, నేను చదువుకున్నప్పుడూ అదే నేర్పారు. కానీ 2013లో వచ్చిన టర్న్ అధ్యయనం అమెరికా, కెనడా నర్సింగ్ హోమ్‌లలో 900 మందికి పైగా పెద్దవాళ్ల మీద చేశారు. దట్టమైన మంచి ఫోమ్ పరుపు ఉంటే రెండు, మూడు, నాలుగు గంటలకోసారి తిప్పినవాళ్ల మధ్య కొత్త పుళ్లు పడటంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. పుండున్నవాళ్ల సంగతి వేరు, వాళ్లని ఒక్కొక్కరిగా చూసుకోవాలి. అయినా నేను ఆయనకు చెప్పింది ఇదే: రెండు గంటలకోసారి అని అబద్ధం రాయడం కంటే, మంచి పరుపు వేసి మూడు గంటలకోసారి నిజంగా తిప్పండి.

అడిగినవి ఎక్కువ లేవు. రాత్రికి మూడో మనిషి. చార్టులో టిక్కు తీసేసి, ఎటువైపు తిప్పారో రాయాలి: ఎడమ, కుడి, వెల్లకిల. ఇది నాకు అన్నిటికంటే ముఖ్యం. టిక్కు నిజమో కాదో ఎవరూ చెప్పలేరు. "3 గంటలకు ఎడమ" అని ఉండి మనిషి వెల్లకిలా పడుకుని ఉంటే గదిలోకి వచ్చిన ఎవరైనా, వాచ్‌మన్ అయినా, పట్టుకోగలడు. రాసే అమ్మాయికీ అది తెలుస్తుంది. భోజనం రెండు విడతలుగా, మింగడం కష్టమైనవాళ్లకి అరగంట ముందే మొదలుపెట్టడం. కుర్చీ కాటా, నెలకోసారి బరువు. గ్లాసు ఎడమవైపుకి. ఎయిర్ బెడ్ సాకెట్ మీద ఎర్ర టేపు, చార్జింగ్‌కి వేరే బోర్డు.

నర్సులకూ ఆయమ్మలకూ ఒక మధ్యాహ్నం నేనే కూర్చుని నేర్పాను. మంచం మీద వాళ్లనే పడుకోబెట్టి, గడ్డం పైకెత్తి నీళ్లు మింగమన్నాను. ఒక అమ్మాయికి పొలమారింది. ఆ తర్వాత గడ్డం కిందికి దించి మింగమన్నాను. "అబ్బ, ఇంత తేడా ఉంటుందా అక్కా" అన్నారు. వాళ్లకి ఇది ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు.

ఆరు వారాల తర్వాత లెక్కలు ఇవి. పుండు ఐదో వారానికి మూసుకుంది. మడమల ఎరుపు పోయింది, పిక్కల కింద దిండు పెట్టి మడమలు గాల్లో ఉంచడం వాళ్లకి బాగా అలవాటైంది. బరువు 46.5 నుంచి 47.3. ఎక్కువేం కాదు, కానీ దిగడం ఆగింది. తెల్లవారి షుగర్ 110 నుంచి 140 మధ్య. మత్తు దిగింది. రాత్రిళ్లు మళ్లీ అరుస్తున్నారని ఒక నర్సు ఫిర్యాదుగా చెప్పింది. ఎన్నింటికి అరుస్తున్నారో వారంపాటు రాయమన్నాను. ఏడు రాత్రుల్లో ఐదుసార్లు డైపర్ తడిసి ఉంది. ఆ మాట అందరి ముందూ ఆ నర్సే చదివి వినిపించింది.

కుదరనివీ ఉన్నాయి. మూడో అటెండరు మూడు వారాలు చేసి మానేశాడు. ఇంకొకరిని పెట్టడానికి నెల పట్టింది. జీతం పెంచాలంటే ఫీజు పెంచాలి. నెలకి మూడు వేలు పెంచుతామంటే కొన్ని కుటుంబాలు గొడవ చేశాయి. ఆ కుటుంబాల బాధ నాకు తెలుసు, పెన్షన్ మీద బతికేవాళ్లు కట్టలేరు. కానీ రాత్రి మనిషి లేకుండా సంరక్షణ లేదు, ఆ మనిషికి జీతం లేకుండా మనిషి ఉండడు. హోమ్ వెతికేవాళ్లు నెలకి ఎంతని అడగడంతో పాటు, రాత్రి పది నుంచి ఆరు దాకా ఎంతమంది మేలుకుని ఉంటారు, వాళ్లలో ఏడాదికి పైగా పనిచేస్తున్నవాళ్లు ఎందరు అని అడగండి. ఈ హోమ్‌లో ఎనిమిది మంది అటెండర్లలో ఏడాది దాటినవాళ్లు ఇద్దరే.

ఇక అమ్మగారిని అక్కడే ఉంచాలా, మార్చాలా అన్నది. కొడుకు మార్చేద్దామన్నాడు. నెలకి రెండింతలు తీసుకునే ఒక పెద్ద చోటు చూశాడు కూడా. కూతురు బెంగళూరు తీసుకెళ్లిపోతానంది. ఇద్దరూ నన్ను అడిగారు. మీ అమ్మనెవరైనా అడిగారా అన్నాను. మాట రాదు కదా అన్నారు.

మాట రాని మనిషిని అడిగే పద్ధతులున్నాయి. మూడు ఫొటోలు పెద్దవిగా ప్రింటు తీయించాం. బెంగళూరులో కూతురి ఇంటి గది, కొత్త హోమ్ గది, ఇప్పుడున్న గది. మత్తు దిగి, తిని, కుదురుగా ఉన్న ఒక ఉదయం ఆవిడ ముందు బల్ల మీద వరుసగా పెట్టాం. ఒక్కొక్కటీ ఏమిటో కూతురు నెమ్మదిగా చెప్పింది. అమ్మగారు చాలాసేపు చూశారు. ఎడమ చెయ్యి ఇప్పుడున్న గది ఫొటో మీద పెట్టారు, అందులోనూ తన మంచం మీద కాదు, కిటికీ పక్కనున్న టీచరుగారి మంచం మీద. తప్పుగా అర్థం చేసుకున్నామేమోనని ఫొటోల వరుస మార్చి మర్నాడు మళ్లీ అడిగాం. చెయ్యి అక్కడే పెట్టారు.

నా 60 అంశాల పట్టికలో పక్క మంచం మనిషి గురించి ఒక్క ప్రశ్న లేదు. కుడివైపు గ్లాసు ఉన్న అన్ని నెలలూ అమ్మగారి నోట్లో నీళ్లు పోసింది ఎవరని తర్వాత ఆయమ్మని అడిగితే తెలిసింది. టీచరుగారు వాకర్ పట్టుకుని, ఆ మోకాళ్లతో, మూడడుగులు నడిచి వచ్చి చెంచాతో తడిపేవారట. ఆవిడ ఆ మాట నాతో చెప్పనే లేదు. ఇప్పుడు నా పట్టికలో 61వ అంశం ఉంది: ఈ మనిషికి ఇక్కడ ఎవరున్నారు?

అమ్మగారు అక్కడే ఉన్నారు. నెలకోసారి నేను వెళ్తున్నాను, ఏ రోజో ఏ వేళో చెప్పకుండా. రెండు నెలలకోసారి కూతురు వస్తోంది. జనవరిలో ఒక ఆదివారం వీడియో కాల్‌లో కొడుకు ముఖం కనిపించగానే ఆవిడ నోటి నుంచి ఒక మాట వచ్చింది. "తిన్నావా." రెండేళ్లలో అతను విన్న మొదటి మాట. అతను జవాబు చెప్పలేకపోయాడు, నేనే ఫోన్ పట్టుకుని, తిన్నాడమ్మా అని చెప్పాను.

ఫిబ్రవరిలో వెళ్లినప్పుడు టీచరుగారి గోడ మీద కొత్త క్యాలెండర్ ఉంది. ఆవిడ నిద్రపోతున్నారు. దగ్గరికెళ్లి చూశాను. దాదాపు అన్ని గడుల్లో మూడేసి చుక్కలున్నాయి, రెండు మూడు చోట్ల నాలుగు కూడా. 9వ తేదీ గడిలో మాత్రం ఒక్కటే ఉంది. పక్కకి వచ్చి చార్టు తీశాను. ఆ రాత్రి ఒంటిగంటకి "ఎడమ" అని ఉంది, మిగతా గడులు ఖాళీ. ఎవరూ టిక్కులతో నింపలేదు. ఆ రాత్రి డ్యూటీలో ఎవరెవరున్నారో రిజిస్టరు చూపించమని హెడ్ నర్స్‌ని అడగడానికి కిందికి వెళ్లాను.